ఇంటి కప్పుపై పుట్టెడు విద్యుత్తు – దాని వెల
(వార్షిక మహాసభయందు గావింపబడిన ఉపన్యాసపాఠము)



మన మహాసభలలో విద్య, వివాహవ్యయములు, విద్యార్థివసతిగృహము, మగ్గపు మజూరీ అను విషయములను గూర్చి ప్రసంగించుట పరిపాటి. ఈ యేడు ఆహ్వానసంఘమువారు, ఇంటి కప్పుమీద విద్యుత్తును పుట్టించి దానివలన ధనము పొందుటను గూర్చి మాటలాడుమని మమ్ము కోరిరి. మేము ఇంజనీర్లము కాము. అయినను గడచిన రెండేండ్లుగా సంఘకార్యాలయమునకు వచ్చువారిలో పలువురు మమ్మొకే ప్రశ్న నడుగుచున్నారు: "సోలారు పలకలు పెట్టించినచో కరెంటువారు మాకు నెలకెంత యిత్తురు?" దీనికి సరియైన సమాధానము దొరకక కొందరు చేతిసొమ్ము పోగొట్టుకొనిరి, మరికొందరు తమకు దక్కదగిన లాభమును విడిచిపెట్టిరి. ఈ రెండు నష్టములును మనవారికి కలుగకుండవలెనని యీ నాలుగు మాటలు చెప్ప సాహసించుచున్నాము.

ముందుగా ఒక సంగతి విన్నవించెదము. మన కులస్థుడే యొకడు, చిన్న దుకాణము నడుపుకొనువాడు, నెలకు 90 యూనిట్లకు మించి వాడుక లేనివాడు, ఒక వ్యాపారి మాట నమ్మి 5 కిలోవాట్ల పలకలను పెట్టించెను. "నీవు వాడుకొనగా నెలకు 500 యూనిట్లు మిగులును, వానిని కరెంటువారే కొందురు, బిల్లులో నీవు యూనిట్టునకు ఎంత చెల్లించుచున్నావో అంతయు నీకు వచ్చును" అని ఆ వ్యాపారి చెప్పెనట. అప్పు తెచ్చి పనిముగించిరి. పలకలు చక్కగనే పనిచేసినవి, యూనిట్లును మిగిలినవి. కాని లెక్క తీరిననాడు చేతికి వచ్చిన సొమ్ము అనుకొన్నదానిలో సగమైనను కాలేదు. వాయిదా మాత్రము ప్రతినెలయు తప్పలేదు. అతని పేరుగాని, ఆ వ్యాపారి పేరుగాని మనకిచట అక్కరలేదు. అతడు చేసిన తప్పేమో తెలిసికొనుట యక్కర.

పలకలమీద ఎండ పడినప్పుడు విద్యుత్తు పుట్టును. ఇన్వర్టరు అను యంత్రము దానిని మన దీపములకును పంఖాలకును పనికివచ్చునట్లు మార్చును. అట్లు వచ్చిన విద్యుత్తు మొట్టమొదట మన యింటిలోనే వాడబడును. మిగిలినది తీగెవెంట వీధిలోనికి పోయి ఇరుగుపొరుగు ఇండ్లలో వెలుగును. రాత్రి ఎండ లేనప్పుడు మనమే వీధితీగెనుండి తెచ్చుకొందుము. పోయినదానిని, వచ్చినదానిని వేరువేరుగా లెక్కించు మీటరు నొకదానిని పంపిణీ సంస్థవారు అమర్చుదురు. నెలాఖరున వచ్చినదానిలోనుండి పోయినదానిని తీసివేసి, నికరముగా మిగిలిన యూనిట్లకు మాత్రమే బిల్లు వ్రాయుదురు. దీనినే నెట్ మీటరింగు అందురు. ఒక నెల మనము పంపినదే యెక్కువయైనచో ఆ యూనిట్లు మరుసటి నెలకు జమపడును. నియమితకాలము ముగిసినప్పటికిని జమ మిగిలియున్నచో దానికి ధనమిత్తురు. ఆ ధరను నిర్ణయించునది ఆయా రాష్ట్రపు విద్యుత్ నియంత్రణ మండలి. మన బిల్లులోని పై తరగతుల ధరలతో పోల్చినచో అది మిక్కిలి తక్కువ.

ఈ తారతమ్యము మనకు క్రొత్త కాదు. తరతరములుగా మనవారు షావుకారు ఖాతాలో బ్రతికినవారు. షావుకారు నూలు తూచి యిచ్చును. నేసిన బట్టను లెక్కగట్టి తీసికొనును. నూలునకు ఒక ధర, మజూరీకి ఒక ధర ఖాతాలో వ్రాయును. ఆ రెండు ధరలను నిర్ణయించువాడు తానే. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒక్కడే యైనచోట, మన చేతిలోనిది అతనికి అమ్ముటకన్న అతనియొద్ద కొనవలసినదానిని తగ్గించుకొనుటయే లాభమని మన తాతలు ఎరుగుదురు. విద్యుత్తునందును అంతియే. మన కప్పుపై పుట్టిన యూనిట్టు, మనము కొనవలసిన యూనిట్టును తప్పించినప్పుడు దాని వెల యెక్కువ. అమ్ముడుపోయినప్పుడు దాని వెల తక్కువ. మేము చెప్పదలచినదంతయు ఈ యొక్క వాక్యములోనే యున్నది. తక్కినదంతయు దీనికి వ్యాఖ్యానము.

అంకెలతో చూతము. ఒక కిలోవాట్ పలకలకు నీడ పడని చోటు సుమారు 100 చదరపుటడుగులు కావలెను. మన దేశభాగమున అవి సగటున దినమునకు 4 యూనిట్లు, నెలకు సుమారు 120 యూనిట్లు ఇచ్చును. వానకాలమున తగ్గును, వేసవిలో హెచ్చును. ఆంధ్రప్రదేశమున 2022లో గృహములకు నిర్ణయింపబడిన ధరలను ఉదాహరణముగా గైకొందము. నెలకు మొదటి 30 యూనిట్లకు యూనిట్టు ఒక్కింటికి రు.1.90, 75 వరకు రు.3, 125 వరకు రు.4.50, 225 వరకు రు.6, 400 వరకు రు.8.75, ఆపైన రు.9.75. స్థిరరుసుము, విద్యుత్ సుంకము, సర్దుబాటు ఛార్జీలు వీనికి వేరు. వానిని మన లెక్కలో విడిచిపెట్టుచున్నాము.

నెలకు 300 యూనిట్లు వాడు ఇల్లు ఈ ధరలచొప్పున రు.1,673 చెల్లించును. ఆ యింట 1 కిలోవాట్ అమర్చినచో 120 యూనిట్లు తగ్గి 180 మిగులును, బిల్లు రు.747 అగును. అనగా మొదటి కిలోవాట్ నెలకు రు.926 మిగిల్చినది. రెండవ కిలోవాట్ కూడ అమర్చినచో 60 యూనిట్లకే బిల్లు వచ్చును, అది రు.147. కావున రెండవది మిగిల్చినది రు.600. మూడవది అమర్చినచో ఆ రు.147 కూడ పోవును. పిదప 60 యూనిట్లు అమ్మకమునకు మిగులును, తక్కువ ధరకు. చిత్తగించితిరా? ఒకే యెండ, ఒకే పలక, ఒకే కప్పు. కాని మొదటి కిలోవాట్ చేసిన పనిలో ఆరవవంతైనను మూడవది బిల్లును తగ్గించుటలో చేయలేదు. ఏలన, మొదటిది మన బిల్లులో మిక్కిలి ఖరీదైన యూనిట్లను తొలగించును. కడపటిది మిక్కిలి చవుకయైనవానిని తొలగించును. మా దుకాణదారు సోదరుడు చేసిన తప్పిదే. అతని యింట తొలగించుటకు ఖరీదైన యూనిట్లే లేవు.

ఇక ప్రభుత్వమువారి సహాయము. 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రధానమంత్రి సూర్యఘర్ ముఫ్త్ బిజిలీ యోజన అను పథకమును ఆరంభించినది. కోటి గృహములకు 2026-27 ఆర్థికసంవత్సరము వరకు అని దాని సంకల్పము; దానికై రు.75,021 కోట్లు కేటాయింపబడినవి. 1 కిలోవాట్‌కు రు.30,000, 2 కిలోవాట్లకు రు.60,000, 3 కిలోవాట్లకును ఆపైన ఎంతయైనను రు.78,000 మాత్రమే సబ్సిడీ. ఇది పని ముగిసి, మీటరు అమర్చి, తనిఖీ జరిగిన పిమ్మట బ్యాంకు ఖాతాలో జమయగును. ముందుగా చేతికి రాదు. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము వెనుకబడిన తరగతుల గృహములకు దీనికి తోడుగా రు.20,000 వరకు సహాయమును 2025లో ప్రకటించినది. 3 కిలోవాట్ల వరకు పూచీకత్తు లేకుండ బ్యాంకులు ఋణమిచ్చుచున్నవి.

పథకము పేరులో "ఉచితము" అను మాట యుండుటచే, నెలకు 300 యూనిట్లు ప్రభుత్వమువారు ధర్మముగా పోయుదురని కొందరు తలచుచున్నారు. అట్లు కాదు. 3 కిలోవాట్ల పలకలు నెలకు 300 యూనిట్లకు పైగా ఇచ్చును గనుక, అంతవరకు వాడు ఇల్లు దాదాపుగ కొననక్కరలేదని దాని భావము. పలకల ఖరీదులో సబ్సిడీ పోగా మిగిలినది మనమే పెట్టవలెను. కేంద్రప్రభుత్వము సబ్సిడీని నిర్ణయించుటకు 2 కిలోవాట్ల వరకు కిలోవాట్ ఒక్కింటికి రు.50,000 ఖరీదుగా లెక్కవేసినది. ఆ లెక్కన పైన చెప్పిన 300 యూనిట్ల యింటివారు 2 కిలోవాట్లకు తమ చేతినుండి పెట్టవలసినది రు.40,000. నెలకు రు.1,526 మిగులుచున్నది గావున 26 లేక 27 నెలలలో పెట్టుబడి తిరిగివచ్చును. అంగడి ధర హెచ్చుగా నుండి నాలుగేండ్లు పట్టినను, పలకలు పాతికేండ్లు పనిచేయును గనుక ఇంతకంటె నమ్మకమైన మదుపు సామాన్యునికి దొరకుట యరుదు. ఇన్వర్టరును మాత్రము పది పండ్రెండేండ్లకు ఒకసారి మార్చవలసియుండును. ఆ సొమ్ము ముందునుండియే ప్రత్యేకించి యుంచుడు.

అమ్మకపు ధరయే యెల్లకాలమును నిలుచునని యెవరును భ్రమపడవలదు. ఇందుకు పరదేశముల చరిత్రయే సాక్షి. జర్మనీలో 1991 జనవరినుండి అమలైన చట్టము, ఎండ, గాలి, నీరు మొదలగువానినుండి పుట్టిన విద్యుత్తును కొనితీరవలెనని కంపెనీలను నిర్బంధించెను. 2000లో వచ్చిన చట్టము ఎండనుండి పుట్టిన యూనిట్టునకు సుమారు 50 సెంట్ల ధరను, అదియు 20 సంవత్సరములవరకు మారకుండునట్లు, హామీ యిచ్చెను. జనులు ఉత్సాహముతో పలకలు పెట్టిరి; పలకల ఖరీదు తగ్గెను; దానితో క్రొత్తగా చేరువారికిచ్చు ధరయు ఏటేట తగ్గెను. ఇంగ్లండున 2010 ఏప్రిలులో చిన్న గృహములకు యూనిట్టునకు 41.3 పెన్నీలు ఇచ్చుటతో ఆరంభమైన పద్ధతి, క్రొత్తవారికి 2019 మార్చి 31తో మూతపడెను. 2020 జనవరినుండి అచట, ఇంటివారు తీగెలోనికి పంపిన యూనిట్లకు మాత్రమే ధర యిచ్చు వేరొక పద్ధతి నడచుచున్నది. రెండు దేశములలోను మొదట చేరినవారికి దక్కినది పిమ్మట చేరినవారికి దక్కలేదు. ఇందులో కంపెనీల దుర్మార్గమే యున్నదనుట న్యాయము కాదు. మధ్యాహ్నము అందరి కప్పులమీదను ఒకేసారి ఎండ కాయును. అప్పుడు విద్యుత్తు చవుక. సాయంకాలము అందరును ఒకేసారి దీపములు వెలిగింతురు, అప్పుడది ప్రియము. మన మధ్యాహ్నపు మిగులును దాచి రాత్రి మనకు తిరిగియిచ్చు పని తీగెలు చేయుచున్నవి. ఆ తీగెలకును ఖర్చు కలదు. కావున పగటిపూట వాడదగిన పనులను, అనగా నీటిమోటారు, ఇస్త్రీపెట్టె, బట్టలుతుకు యంత్రము మొదలగువానిని, పగలే నడుపుకొనుట యలవరచుకొనుడు.

ఇక పనిలోనికి దిగువారికి కొన్ని హెచ్చరికలు. మొదటిది: గత పండ్రెండు నెలల బిల్లులను ముందు పెట్టుకొని మీ సగటు వాడుక తెలిసికొనకుండ ఏ కాగితముమీదను సంతకము చేయవలదు. తెలంగాణ సోదరుల ధరలు వేరు గనుక వారు తమ బిల్లుతోనే లెక్క వేసికొనవలెను. రెండవది: మీటరు ఎవరి పేరనున్నదో చూచుకొనుడు. మన యిండ్లలో సగముచోట్ల తండ్రిగారు కాలము చేసి పదేండ్లయినను బిల్లు వారిపేరనే వచ్చుచుండును. దరఖాస్తు చేయువాని పేరును బిల్లులోని పేరును కలియకున్నచో పని అచటనే నిలిచిపోవును. అన్నదమ్ములు పంచుకొన్న యింటిలో పైకప్పు ఎవరి వాటాయో వ్రాతపూర్వకముగా లేక, పలకలు ఎక్కించిననాడే తగవు పుట్టిన సంగతులు మేమెరుగుదుము. మూడవది: పథకములో నమోదైన వ్యాపారిచేతనే పని చేయింపవలెను, మనదేశమున తయారైన కణములతో చేసిన పలకలకే సబ్సిడీ వచ్చును, అయిదేండ్ల నిర్వహణబాధ్యత ఆ వ్యాపారిదే యని ఒప్పందములో ఉండవలెను. నాలుగవది: వీధిలో కరెంటు పోయినప్పుడు సామాన్యమైన ఇన్వర్టరుతో నడచు పలకలును పనిమానును. స్తంభమెక్కి మరమ్మతు చేయు మనిషికి మన కప్పునుండి పోవు విద్యుత్తు ప్రాణాపాయము గావున అట్లు ఏర్పాటు చేయబడినది. ఇది లోపము కాదు. కాని తెలియనివారు మోసపోతిమని విచారించుచున్నారు. అయిదవది: 10 కిలోవాట్ల వరకు సాంకేతిక పరిశీలన పేర జాగు చేయక దరఖాస్తును అంగీకరించినట్లే భావింపవలెనని 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము నియమములను సవరించినది. కార్యాలయములచుట్టు త్రిప్పినచో ఈ నియమమును వినయముగా జ్ఞాపకము చేయుడు.

ఇంతవరకు మేడలు గలవారి మాట. ఇప్పుడు మా మనస్సును బాధించుచున్న విషయమునకు వచ్చుచున్నాము.

మగ్గము విడిచి కూలికి పోవుచు నెలకు 75 యూనిట్లు వాడు కుటుంబము నొకదానిని తలంపుడు. ఆ యింటి బిల్లు, పై ధరలచొప్పున, రు.192. ఆ యింట 1 కిలోవాట్ పెట్టించినను బిల్లులో మిగులునది రు.192కు మించదు. కేంద్రపు సబ్సిడీ పోగా వారు పెట్టవలసిన రు.20,000 తిరిగివచ్చుటకు ఎనిమిదేండ్ల ఎనిమిది నెలలు పట్టును. ఆ సొమ్ము నూటికి ఏటికి ఆరు రూపాయల వడ్డీకి తెచ్చినచో మొదటి యేట వడ్డీయే నెలకు రు.100, వారికి మిగులునది రు.92. ఉన్నవానికి 27 నెలలు, లేనివానికి 104 నెలలు! ఎండ యందరిమీదను సమానముగనే కాయుచున్నను, దానివలని ధనము మాత్రము ఎక్కువ వాడువాని యింటికే ముందుగా నడచుచున్నది.

పెంకుటింటివాడు, రేకులకప్పువాడు, గుంతమగ్గము గల పాతయింటివాడు వీరి కప్పులు పలకల బరువునకును గాలికిని ఓర్చునో లేదో చూడవలెను. అద్దెయింటివానికి కప్పే లేదు. తెలంగాణమున 2024 మార్చినుండి అర్హులగు గృహములకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఆంధ్రప్రదేశమున చేనేతకుటుంబములకు 200 యూనిట్ల ఉచితవిద్యుత్తును 2025లో ప్రకటించిరి. ఆ సహాయము పొందువారికి పలకలవలన తగ్గవలసిన బిల్లే లేదు గనుక, వారిని అప్పుచేసి పలకలు పెట్టుమని ప్రోత్సహించుట పాపము. మన కులస్థులలో వ్యాపారుల కమిషనుకై బంధువుల యిండ్లు తిరుగు యువకులకు ఈ మాట ప్రత్యేకముగా విన్నవించుచున్నాము. బంధుత్వము నమ్మి సంతకము చేసినవాని శాపము కమిషనుకంటె బరువైనది.

అట్లయిన సంఘము చేయదగినదేమి? మేము మూడు సూచనలను సభవారి యెదుట నుంచుచున్నాము.

మొదటిది: ప్రతి జిల్లాశాఖయందును లెక్క తెలిసిన ఇద్దరు యువకులతో ఒక సహాయకసమితి నేర్పరుపవలెను. వారు ఏ వ్యాపారికిని సంబంధించినవారై యుండరాదు. బిల్లులు చూచి, ఎన్ని కిలోవాట్లు చాలునో, అసలు వలయునో వలదో వ్రాసి యీయవలెను. చనిపోయినవారి పేరనున్న మీటర్లను వారసుల పేరికి మార్పించు దరఖాస్తులను కూడ వారే పూర్తిచేసి పెట్టవలెను.

రెండవది: తనకంటూ కప్పు లేనివానికి భాగము కల్పించు మార్గము వెదకవలెను. ఢిల్లీలో 2019లో ఒక విధానము వచ్చినది. ఒకచోట అమర్చిన పలకలనుండి పుట్టిన యూనిట్లను, పలువురు వాడుకదారులు తమతమ బిల్లులలో పంచుకొనవచ్చును. నూలును ఒక్కొక్కరు కొనుటకన్న సహకారసంఘముద్వారా కొనుట మేలని నేర్చుకొన్నవారము మనము; ఈ పద్ధతి మనకు సులభముగ బోధపడును. మన పంపిణీ సంస్థలలో ఇట్టి యేర్పాటునకు ఏ నియమములు వర్తించునో కనుగొని, అవసరమైనచో నియంత్రణ మండలి జరుపు బహిరంగవిచారణలో మన సంఘపక్షమున విజ్ఞాపన దాఖలు చేయవలెను. ఆ విచారణలలో మాటలాడు హక్కు సామాన్య వాడుకదారునికిని కలదు; మనము పోకపోవుటయే లోపము.

మూడవది: పలకలవలన లాభపడిన ప్రతిగృహస్థుడును, తనకు మిగిలిన పండ్రెండు నెలల సొమ్ములో ఒక్క నెలదానిని ఏటేట మన విద్యార్థినీవసతిగృహనిధికి ఇచ్చునట్లు తీర్మానింపవలెను. పైన చెప్పిన 300 యూనిట్ల యింటికి అది రు.1,526. పదునొకండు నెలల లాభము అతనిది. ఒక నెలది, కప్పు లేని కుటుంబపు ఆడబిడ్డ చదువుది. ఇది దానము కాదు. అతనికి వచ్చిన సబ్సిడీలో, కప్పు లేనివాడు కొన్న సబ్బుమీద చెల్లించిన పన్నును ఉన్నది గదా!

ఈ సూచనలలో మొదటి రెండును పని కోరునవి. మూడవది మనస్సు కోరునది. మనవారు మూడింటికిని వెనుదీయరని మా విశ్వాసము. మొన్న ఆ దుకాణదారు సోదరుడు కార్యాలయమునకు వచ్చి, "నా లెక్క తప్పినది సరే, నా కాగితములు ఇచటనే యుంచుడు, రాబోవువారికి చూపుడు" అని చెప్పిపోయెను. అతని బిల్లులును అప్పు కాగితములును మా బల్లమీదనే యున్నవి. సమితి యేర్పడిననాడు దాని మొదటి పాఠ్యపుస్తకము అదియే కాగలదు.